శవపేటిక ఎక్కడ ఆగిందో ఇంటివాళ్లకు చెప్పండి

విదేశాల్లో చనిపోయిన మనవాళ్లను ఇంటికి చేర్చడంపై బహిరంగ లేఖ

హైదరాబాద్

కేంద్ర విదేశాంగ శాఖ అధికారులకు,
గల్ఫ్ దేశాల్లోని భారత రాయబార, కాన్సులేట్ కార్యాలయాల సంక్షేమ విభాగాలకు,
తెలంగాణ సాధారణ పరిపాలన శాఖ ఎన్ఆర్ఐ విభాగానికి, జిల్లా కలెక్టర్లకు,
శంషాబాద్‌కు విమానాలు నడిపే సంస్థలకు,

నమస్కారం.

జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్, కామారెడ్డి, రాజన్న సిరిసిల్ల, కరీంనగర్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయి అక్కడే ప్రాణం విడిచినవాళ్ల కుటుంబాలకు కాగితాల పనిలో తోడుండేవాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. మీలో సెలవు రోజున కూడా ఫోన్ ఎత్తి సాయం చేసినవాళ్లున్నారు. వాళ్లకు మా కృతజ్ఞతలు. అయితే ఇందులోని విషయాలను వినతిపత్రాలుగా ఇచ్చినప్పుడు రసీదు దొరికిందే తప్ప జవాబు దొరకలేదు. అందుకే అందరి ముందూ పెడుతున్నాం.

చట్టాలున్నాయి, నిధి ఉంది, పోర్టళ్లున్నాయి, అంబులెన్సు ఉంది. చావు కబురు అందిన గంట నుంచి ఊరి శ్మశానం దాకా ఒక కేసుకు బాధ్యుడైన అధికారి మాత్రం లేడు. కంపెనీని అడిగితే కాగితం ఎంబసీలో ఉందంటుంది. ఎంబసీ పోలీసు రిపోర్టు రాలేదంటుంది. ఇక్కడి కార్యాలయం మేం మెయిల్ పెట్టామంటుంది. ముగ్గురూ నిజమే చెబుతుండవచ్చు. కానీ మృతదేహం ఏ కాగితం కోసం, ఎవరి బల్ల మీద ఆగిందో ఇంటివాళ్లకు మాత్రం తెలియదు. జరుగుతున్న ఆలస్యంలో సగం ఇక్కడే పుడుతోందని మా అభిప్రాయం. ఎక్కడెక్కడ, ఎందుకో కింద వరసగా చెబుతున్నాం.

1. ముందుగా ఆలస్యం ఊళ్లో ఏం చేస్తుందో చూడండి.

దుబాయ్ ఆస్పత్రిలో సహజంగా మరణించి, వీసా చెల్లుబాటులో ఉండి, కంపెనీ బాధ్యత తీసుకుంటే కొన్ని రోజుల్లోనే మృతదేహం శంషాబాద్ చేరుతుంది. అదే సౌదీలో పట్నానికి దూరంగా పనిచేస్తూ, అకామా (నివాస అనుమతి) గడువు దాటి, కఫీల్ (యజమాని) హురూబ్ (పనిలోంచి పారిపోయాడన్న ఫిర్యాదు) పెట్టిన మనిషి అయితే నెలలు గడుస్తాయి. ఆ నెలల సంగతి ఏ ఫైలులోనూ ఉండదు. కబురు అందిన రోజు నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. దాయాదులైన పాలోళ్లు, ఇరుగుపొరుగువాళ్లు వండి తెస్తారు. మూడు రోజులైనా పదకొండు రోజులైనా ఊరు మోస్తుంది. నెల దాటితే తెచ్చేవాళ్లు తగ్గుతారు. దహనం కానిదే దినాల లెక్క మొదలుకాదు, మైల తీరదు. కూలి ఆగుతుంది, బీడీలు చుట్టే చేతులు ఆగుతాయి, పిల్లల బడి ఆగుతుంది. వీసా కోసం తెచ్చిన అప్పు మీద నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ మాత్రం ఆగదు.

మనిషి పోయాడని ఊరంతటికీ తెలుసు. అయినా చేతిలో మరణ పత్రం లేని భార్య వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టలేదు, బ్యాంకు ఖాతా సంగతి అడగలేదు. అతని పేరున ఎకరం భూమి ఉన్నా 2018 నుంచి అమల్లో ఉన్న 5 లక్షల రైతు బీమాకు ఫారం నింపలేదు. ఆలస్యమైన ప్రతి వారం ఈ లెక్కన చూడాలని మా మనవి.

2. ఎక్కువగా తేడా వచ్చేది సమ్మతి పత్రం దగ్గర.

మృతదేహాన్ని పంపడానికి భారత కార్యాలయాలు అడిగే కాగితాలు స్థూలంగా ఇవి: ఆస్పత్రి ఇచ్చిన మరణ నివేదిక లేదా మరణ ధ్రువీకరణ పత్రం, ప్రమాదమో, అసహజ మరణమో అయితే పోలీసు రిపోర్టు, అది స్థానిక భాషలో ఉంటే ఇంగ్లిష్ అనువాదం, పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు, దగ్గరి వారసులు నోటరీ చేయించి పంపే సమ్మతి పత్రం, ఎంబామింగ్ (దేహం పాడవకుండా రసాయనం ఎక్కించడం) ఏర్పాట్లకూ అక్కడి ఇమిగ్రేషన్, కస్టమ్స్‌కూ సంబంధించిన అనుమతులు. వీటిలో ఊరి నుంచి పోవాల్సిన ముఖ్యమైన కాగితం సమ్మతి పత్రమే. ఎక్కువసార్లు వెనక్కి వచ్చేదీ అదే.

వెనక్కి రావడానికి కారణాలు చాలా చిన్నవి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు కాక ఆధార్‌లో ఉన్నట్టు రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటుంది. భార్య ఉండగా తండ్రి సంతకం చేస్తాడు. మృతదేహాన్ని ఇంటికి పంపమంటున్నారో, అక్కడే ఖననం చేయమంటున్నారో స్పష్టంగా ఉండదు. అక్కడ కాగితాల మీద సంతకం పెట్టే అధికారం ఎవరికిచ్చారో రాయరు. వేలిముద్ర వేస్తే అది ఎవరిదో పక్కన ఉండదు. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో నోటరీ ముద్ర మసకగా పడుతుంది. వీటిలో ఏది తప్పినా మళ్లీ స్టాంపు పేపరు, మళ్లీ టైపు, మళ్లీ నోటరీ. మారుమూల ఊరివాళ్లకు ఒక్క సవరణతో ఒక రోజు, ఒక రోజు కూలి పోతాయి.

దీనికి సెలవుల లెక్క తోడవుతుంది. సౌదీ, కువైట్‌లలో శుక్ర, శనివారాలు సెలవు. మనకు ఆదివారం. రెండు వైపులా కార్యాలయాలు తెరిచి ఉండేది సోమవారం నుంచి గురువారం దాకా, నాలుగే రోజులు. గురువారం మధ్యాహ్నం వెనక్కి వచ్చిన పత్రం మళ్లీ కదిలేసరికి ఆదివారమో, సోమవారమో అవుతుంది. యూఏఈ 2022 జనవరి నుంచి శని, ఆదివారాల సెలవుకు మారి శుక్రవారం సగం పూట పనిచేస్తోంది. ఆ సంగతి తెలియక శుక్రవారం ఉదయాన్ని వదులుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. రంజాన్, బక్రీద్ సెలవులు వస్తే వారం పైనే పోతుంది.

ఒక్క పేజీ నమూనా ఉంటే ఇందులో చాలా భాగం తప్పుతుంది. ఒక్కో కార్యాలయం ఒక్కో మాటల కూర్పు అడగడం వల్ల నమూనా చేతిలో ఉన్నవాళ్లు కూడా తప్పులో పడుతున్నారు.

3. ఏ కార్యాలయాన్ని అడగాలో చెప్పేవాళ్లు లేరు.

సౌదీలో రియాద్ ఎంబసీ పరిధి వేరు, జెడ్డా కాన్సులేట్ పరిధి వేరు. అబహా, జిజాన్, తబూక్, మదీనా వైపు చనిపోయినవాళ్ల కేసులు జెడ్డా చూస్తుంది. యూఏఈలో అబుదాబి ఎంబసీది ఒక పరిధి, దుబాయ్, షార్జా, మిగతా ఉత్తర ఎమిరేట్లకు దుబాయ్ కాన్సులేట్. ఇంటివాళ్లకు తెలిసింది దేశం పేరు, మహా అయితే కంపెనీ పేరు. తప్పు కార్యాలయానికి పోయిన మెయిల్‌ను సరైన చోటుకు మళ్లించాల్సింది అధికారులే కదా? మళ్లించకపోతే రోజులు దొర్లిపోతాయి. 2015లో మొదలైన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే కేసు నంబరు వస్తుంది. అది మంచి ఏర్పాటే. కానీ అందులో కనిపించే స్థితి ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క మాట దగ్గరే నిలిచిపోతే నంబరు ఉండీ లాభం లేదు.

4. ఖర్చు ఎవరిదో చట్టంలో ఉంది, అమలులో లేదు.

సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం కార్మికుడి మృతదేహాన్ని సిద్ధం చేసి, ఒప్పందం కుదిరిన చోటుకు లేదా పనిలోకి తీసుకున్న చోటుకు పంపే ఖర్చు యజమానిదే. కుటుంబం ఒప్పుకొని అక్కడే ఖననం చేసినప్పుడో, అక్కడి సామాజిక బీమా సంస్థ ఆ ఖర్చు భరించినప్పుడో మాత్రమే మినహాయింపు. యూఏఈలో 2021 నాటి కార్మిక చట్టమూ తరలింపు ఖర్చును యజమాని మీదే పెట్టింది. జీతం బాకీ, సర్వీసు డబ్బు 10 రోజుల్లో కుటుంబానికి ముట్టజెప్పాలని కూడా చెప్పింది. ఈ రెండు వాక్యాలు తెలిసిన కుటుంబాలు ఊళ్లలో ఎన్ని ఉంటాయి?

యజమాని భరించని సందర్భంలో, స్తోమత లేని కుటుంబానికి భారత కమ్యూనిటీ సంక్షేమ నిధి ఉంది. 2009లో పెట్టిన ఈ నిధి మార్గదర్శకాలను 2017 సెప్టెంబరు నుంచి సవరించారు. మృతదేహం తరలింపు అందులో స్పష్టంగా ఉంది. ఈ నిధికి డబ్బు కాన్సులర్ సేవల మీద ప్రవాసులు కట్టే రుసుముల నుంచి వస్తుంది కాబట్టి దీన్ని అడగడం చేయి చాచడం కాదు. చిక్కేమిటంటే, యజమాని ఇస్తాననీ అనడు, ఇవ్వననీ రాసివ్వడు. అతను కాదన్నట్టు తేలేదాకా నిధి కదలదు. ఈలోగా క్యాంపులో తోటి కార్మికులు తలా పది, ఇరవై రియాళ్లు వేసుకుని చందా పోగుచేస్తారు. హురూబ్ పడినవాళ్లకు, పేరుకే యజమాని ఉండే ఆజాద్ వీసా మీద పోయి ఖల్లివెల్లిగా (చెల్లే కాగితాలు లేకుండా) మిగిలినవాళ్లకు అడగడానికి యజమానే ఉండడు. అలాంటి కేసుల్లో మొదటి రోజే నిధిని వాడటానికి అడ్డేమిటో మాకు అర్థం కావడం లేదు.

సౌదీలో హిందువుల దహనానికి వీలు లేదు. కాబట్టి ఆ కుటుంబాలకు మిగిలేవి రెండే దారులు, ఇంటికి తెచ్చుకోవడం లేదా పరాయి నేలలో పూడ్చడానికి ఒప్పుకోవడం. డబ్బు లేక రెండోదానికి సంతకం పెట్టే పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు.

5. బీమా పేరు వినిపిస్తుంది, చేతికి రాదు.

ఇమిగ్రేషన్ తనిఖీ అవసరమైన పాస్‌పోర్టుతో పోయే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు రూ. 275, మూడేళ్లకు రూ. 375 ప్రీమియంతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. కానీ గుండె ఆగి నిద్రలోనే పోయినవాడికి ఈ 10 లక్షలు వర్తించవు. ఎండలో పదేసి గంటలు పనిచేసి, గదికి వచ్చి పడుకుని, తెల్లారి లేవని మనిషి మరణాన్ని ‘సహజం’ అని రాస్తే ఆ ఒక్క మాటతో ఇల్లు కూలిపోతుంది. విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ల వల్ల పాలసీయే లేకుండా పోయేవాళ్లు వేరే. పాలసీ ఉన్నా ఆ కాగితం ఏజెంటు దగ్గరే ఉండిపోవడంతో నంబరు తెలియక క్లెయిమ్ వేయలేనివాళ్లూ ఉన్నారు.

6. అనుమానం ఉంటే అడగాల్సింది ఎంబామింగ్‌కు ముందే.

ఆత్మహత్య అని చెప్పినప్పుడు, గొడవ జరిగిందని తోటివాళ్లు అన్నప్పుడు ఇంటివాళ్లు ఇక్కడికొచ్చాక పోస్టుమార్టం చేయిస్తామంటారు. చేయించవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద పోలీసులు విచారణ జరిపి శవపరీక్షకు పంపగలరు. కానీ ఎంబామింగ్‌లో రక్తనాళాల్లోకి ఫార్మాలిన్ ద్రవం ఎక్కించి రక్తాన్ని బయటకు తీస్తారు. ఆ తర్వాత విషం జాడ, మద్యం జాడ పట్టడం చాలా కష్టం. గాయాలు, ఎముకల విరుగుళ్లు మాత్రం తెలుస్తాయి. అందుకే అక్కడే శవపరీక్ష కోరడం, ఎంబామింగ్‌కు ముందు నమూనాలు తీశారో లేదో అడగడం, ఫోరెన్సిక్ రిపోర్టు నకలు మృతదేహంతో పాటు రావాలని రాతపూర్వకంగా పెట్టడం ముఖ్యం. ఈ ముక్క సంక్షేమ అధికారి మొదటి ఫోన్‌లోనే చెప్పాలి. ఇక్కడికి వచ్చాక అనుమానం పెరిగితే దహనం ఆపి ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. దహనం అయ్యాక ఇచ్చే ఫిర్యాదుకు బలం ఉండదు.

7. విమానం దగ్గర.

ఎంబామింగ్ అయిన దేహాన్ని లోపల జింకు రేకు పెట్టి మూసిన చెక్క పెట్టెలో పెడతారు. పెట్టెతో కలిపి బరువు నూరు కిలోలు దాటుతుంది, ఒక్కోసారి నూట యాభై దాకా పోతుంది. ఒకప్పుడు విమాన చార్జీ తూకం మీద ఉండేది. కిలోకు ఇంత అని మనిషిని తూచడం అవమానమని గల్ఫ్‌లోని మనవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2019 జనవరిలో ఎయిర్ ఇండియా ఒకే ధర పెట్టింది. అప్పట్లో యూఏఈ నుంచి పెద్దలకు 1500 దిర్హాములు, 12 ఏళ్లలోపు పిల్లలకు 750. అన్ని సంస్థలూ ఆ పద్ధతికి రావాలి.

ధర కంటే పెద్ద చిక్కు ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రసీదు). దాని మీద గమ్యం హైదరాబాద్ అని ఉందో, ముంబై అనో ఢిల్లీ అనో ఉందో బుకింగ్ నాడే చూడాలి. తక్కువకు దొరికిందని ముంబైకి బుక్ చేస్తే జగిత్యాల నుంచి ముంబై పోయి, అక్కడి నుంచి రోడ్డు మీద తెచ్చుకోవాలి. మిగిలిన చార్జీ కన్నా అంబులెన్సు కిరాయే ఎక్కువవుతుంది. మధ్యలో విమానం మారితే పెట్టె ఒక విమానంలో, కాగితాల కవరు ఇంకో విమానంలో వచ్చే ప్రమాదం ఉంది. చిన్న విమానాల్లో సరుకు గదిలో చోటు చాలక పెట్టెను ఆపేసి తర్వాతి విమానానికి మారుస్తారు. ఆ సంగతి ఇంటివాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

మృతదేహాలు తారుమారు కావడం కూడా దేశంలో జరిగింది. ఒక ఇంటికి ఇంకో ఇంటి బిడ్డ చేరితే ఆ నష్టాన్ని సరిదిద్దడం ఎవరి తరమూ కాదు. పెట్టె మీద పేరుతో పాటు పాస్‌పోర్టు నంబరు అంటించడం, మార్చురీ నుంచి పెట్టెలోకి మార్చేటప్పుడు తెలిసినవాళ్లెవరైనా ముఖం చూసి సంతకం చేయడం, ఆ సంతకం కాగితం పెట్టెతో పాటే రావడం కచ్చితంగా జరగాలి. ఇది ఖర్చు లేని పని.

8. శంషాబాద్‌లో.

చాలామంది కుటుంబీకులు ప్రయాణికులు బయటికి వచ్చే గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తారు. మృతదేహం అక్కడికి రాదు, కార్గో టెర్మినల్‌కు పోతుంది. ముందుగా విమానాశ్రయ ఆరోగ్య కార్యాలయం అనుమతి కావాలి. 2023 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ ఈ-కేర్ పోర్టల్ తెచ్చాక మరణ ధ్రువీకరణ పత్రం, ఎంబామింగ్ పత్రం, భారత కార్యాలయం ఇచ్చిన నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు నకలు ముందే ఆన్‌లైన్‌లో ఎక్కించవచ్చు. ముందే ఎక్కిస్తే విమానం దిగేలోపు అనుమతి సిద్ధంగా ఉంటుంది. అక్కడి కార్గో ఏజెంటు ఎక్కించకుండా వదిలేస్తే ఇక్కడ పెట్టె దిగాక పని మొదలవుతుంది. ఆ తర్వాత విమాన సంస్థ డెలివరీ ఆర్డరు, కస్టమ్స్ అనుమతి, చివరికి పెట్టె అప్పగింత.

పెట్టె తీసుకునే మనిషి పేరు ఎయిర్‌వే బిల్లు మీద ఎవరిదుందో వాళ్లే ఆధార్‌తో రావాలి, లేకపోతే అధికార పత్రం కావాలి. అక్కడి స్నేహితుడు తనకు గుర్తున్న పిలుపు పేరు రాయిస్తే ఇక్కడ ఆధార్‌తో కలవదు. ఇంట్లో కాస్త చదువు వచ్చిన, ధైర్యంగా మాట్లాడగల ఒక పెద్దమనిషి పేరు ఆధార్‌లో ఉన్నట్టుగా రాయించి, రెండు ఫోన్ నంబర్లు ఇవ్వాలి.

తెలంగాణ ప్రభుత్వం శంషాబాద్ నుంచి ఊరిదాకా ఉచిత అంబులెన్సు ఇస్తోంది. మంచి పని. నిర్మల్, జగిత్యాల వైపు రెండు వందల కిలోమీటర్లు దాటిన దారి, కిరాయి పెట్టుకుంటే పేదింటికి మోయలేని భారం. కానీ విమానం ఆలస్యమైనా, పెట్టె తర్వాతి విమానానికి మారినా అంబులెన్సు ఏర్పాటు మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వస్తే ఆ సాయం సగమే. పెట్టె కార్గో గేటు దాటేదాకా ఆ అభ్యర్థన బతికే ఉండాలి. ఇదే విమానాశ్రయంలో కడప, గోదావరి జిల్లాల వాళ్ల మృతదేహాలూ దిగుతాయి. రెండు రాష్ట్రాల అధికారులూ ఒకరి కేసు ఒకరికి అందించుకోవాలి.

ఇంకొకటి, చెప్పడానికి కష్టమైనా చెప్పాలి. నెలలు మార్చురీలో ఉన్న దేహం గుర్తుపట్టే స్థితిలో ఉండకపోవచ్చు. జింకు రేకు కోసి పెట్టె తెరవాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. కానీ దేహం ఏ స్థితిలో ఉందో ముందే ఎవరో ఒకరు మెల్లగా, నిజం చెప్పాలి. చిన్నపిల్లల ముందు తెరిచాక తెలిస్తే ఆ గాయం మానదు.

9. అమెరికాలో చదువుకునే పిల్లల విషయం వేరు.

అక్కడ పని నడిపేది ఫ్యూనరల్ హోమ్ (అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థ). అనుమానాస్పద, ప్రమాద మరణమైతే ఆ కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ దేహాన్ని వదిలాకే ఎంబామింగ్. తర్వాత మరణ ధ్రువీకరణ పత్రం, ఎంబామింగ్ పత్రం, అంటువ్యాధి లేదన్న లేఖ, తరలింపు పర్మిట్, భారత కాన్సులేట్ నిరభ్యంతర పత్రం. ఖర్చు పది వేల డాలర్లు దాటడం మామూలే. అందుకే చందాల పేజీలు తెరుస్తున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ఫొటో ఊరూరా తిరగడం ఎవరికీ ఇష్టం ఉండదు, గత్యంతరం లేక చేస్తున్నారు.

జే-1 (ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల) వీసా మీద పోయేవాళ్లకు మృతదేహం తరలింపు కోసం కనీసం 25,000 డాలర్ల బీమా ఉండాలని అమెరికా నిబంధనే చెబుతోంది. మన పిల్లల్లో అత్యధికులు పోయే ఎఫ్-1 వీసాకు అలాంటి ఫెడరల్ నిబంధన లేదు, యూనివర్సిటీని బట్టి ఉంటుంది. చదువు అయిపోయి ఓపీటీ (చదువు తర్వాత పనిచేసేందుకు ఇచ్చే అనుమతి)లోకి పోగానే చాలాచోట్ల యూనివర్సిటీ బీమా ఆగిపోతుంది. ఆ ఖాళీలోనే ఎన్నో ఇళ్లు చిక్కుకుంటున్నాయి. హైదరాబాద్‌లో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీలు ఫీజు తీసుకునేటప్పుడే ఈ మాట చెప్పాలి.

అక్కడే దహనం చేసి అస్థికలు తెచ్చుకోవడం ఇంకో దారి. దానికి మరణ పత్రం, దహన పత్రం, కాన్సులేట్ నిరభ్యంతర పత్రం చాలు, ఖర్చూ తక్కువ. ఏ దారి అన్నది కుటుంబమే తేల్చుకోవాలి. రెండు దారులూ ఉన్నాయని మాత్రం అధికారులు చెప్పాలి.

10. అంత్యక్రియల తర్వాత మొదలయ్యే తిప్పలు.

మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి కాబట్టి ఊరి పంచాయతీ కార్యదర్శి మరణ ధ్రువీకరణ పత్రం ఇవ్వలేడు. జనన మరణాల నమోదు చట్టం 1969లోని 20వ సెక్షన్ ప్రకారం విదేశాల్లోని భారత కాన్సులర్ కార్యాలయంలో నమోదైన మరణం ఇక్కడ నమోదైనట్టే లెక్క. ఈ సెక్షన్ కొందరు బ్యాంకు, మండల అధికారులకు తెలియక ‘మన మున్సిపాలిటీది తెండి’ అని తిప్పి పంపుతున్నారు. తేలేని కాగితం కోసం తిరిగి తిరిగి చివరికి దళారిని పట్టుకునే స్థితికి కుటుంబాన్ని నెడుతున్నారు.

రాష్ట్ర ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల పరిహారం ప్రకటించింది. 2023 డిసెంబరు 7 తర్వాతి మరణాలకు, ఆరు గల్ఫ్ దేశాలతో పాటు ఇరాక్‌కు వర్తింపజేసింది. ఏళ్ల నాటి కోరిక అది, స్వాగతించాం. కానీ మలేసియాలోనో, సింగపూర్‌లోనో కూలి చేస్తూ చనిపోయిన మనిషి ఇంట్లో దుఃఖం తక్కువా, అప్పు తక్కువా?

మా డిమాండ్లు:

1. చావు కబురు నమోదైన 24 గంటల్లో ప్రతి కేసుకూ జిల్లా స్థాయిలో ఒక అధికారి పేరు, ఫోన్ నంబరు కుటుంబానికి ఇవ్వాలి. కంపెనీతో, ఎంబసీతో, విమాన సంస్థతో మాట్లాడి, రెండు రోజులకోసారి తెలుగులో కుటుంబానికి స్థితి చెప్పడం ఆ అధికారి పని.

2. మదద్ పోర్టల్‌లో కేసు స్థితిని దశలవారీగా చూపాలి. పోలీసు రిపోర్టు, శవపరీక్ష, సమ్మతి పత్రం, నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్, బుకింగ్: ఏది పూర్తయింది, ఏది ఏ తేదీ నుంచి, ఎవరి దగ్గర ఆగింది. తప్పు పరిధికి వచ్చిన కేసును అదే రోజు సరైన కార్యాలయానికి మళ్లించాలి.

3. అన్ని గల్ఫ్ కార్యాలయాలకూ చెల్లే ఒకే సమ్మతి పత్రం నమూనాను తెలుగు, ఉర్దూ వివరణతో మీసేవ కేంద్రాల్లో, తహసీల్దార్ కార్యాలయాల్లో ఉంచాలి. నోటరీ రుసుము ప్రభుత్వమే భరించాలి.

4. యజమాని ఏడు రోజుల్లో ఖర్చు భరించకపోతే అతను నిరాకరించినట్టే లెక్కగట్టి సంక్షేమ నిధి నుంచి చెల్లించి, తర్వాత అతని నుంచి రాబట్టాలి. హురూబ్, ఆజాద్ వీసా కేసుల్లో ఆ ఏడు రోజులు కూడా ఆగొద్దు.

5. ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షల పరిధిలోకి సహజ మరణాన్ని తేవాలి. పాలసీ పత్రం కార్మికుడి ఫోన్‌తో పాటు ఇంటివాళ్ల ఫోన్‌కూ పంపాలి.

6. విమాన సంస్థలు అన్ని గల్ఫ్ నగరాల నుంచి తూకంతో పనిలేని ఒకే ధరను ప్రకటించి వెబ్‌సైట్‌లో పెట్టాలి. పెట్టెను విమానంలో ఎక్కించినప్పుడు, ఆపినప్పుడు, దించినప్పుడు తీసుకునే వ్యక్తికి మెసేజ్ పంపాలి. పాస్‌పోర్టు నంబరు లేని పెట్టెను, గుర్తింపు సంతకం లేని పెట్టెను ఎక్కించకూడదు.

7. శంషాబాద్ కార్గో గేటు దగ్గర రాత్రింబవళ్లు పనిచేసే ఒక సహాయ కేంద్రం, తెలుగులో సూచిక బోర్డులు, కుటుంబం కూర్చోవడానికి నీడ, నీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి. తెల్లవారుజామున దిగే విమానాల కోసం వచ్చినవాళ్లు రోడ్డు పక్కన నిలబడే పరిస్థితి పోవాలి.

8. కాన్సులర్ మరణ నమోదు చెల్లుతుందని, స్థానిక పత్రం అడగకూడదని తహసీల్దార్లకు, బ్యాంకులకు సర్క్యులర్ పంపాలి. 5 లక్షల పరిహారాన్ని కార్మికులుగా పోయిన అన్ని దేశాలకూ విస్తరించాలి. దరఖాస్తు కోసం కుటుంబం తిరగకుండా, మృతదేహం దిగిన నాడే విమానాశ్రయ కాగితాల నకళ్లను కలెక్టర్ కార్యాలయానికి పంపాలి.

9. విదేశీ విద్య కన్సల్టెన్సీలు తరలింపు బీమా వివరాలను రాతపూర్వకంగా చెప్పి, విద్యార్థి, తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలన్న నిబంధన తేవాలి.

వీటిలో మొదటిది, మూడోది, ఎనిమిదోదిలోని సర్క్యులర్ తేవడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. ఈ మూడింటినీ నెలలోపు మొదలుపెట్టాలని, మిగతావాటి మీద ఎవరు ఏది, ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం. ప్రజాభవన్‌లో ప్రవాసుల వినతులు తీసుకునే ప్రవాసీ ప్రజావాణి జరిగే ఏ రోజైనా ఈ అంశాల మీద కూర్చుని మాట్లాడటానికి, నమూనా పత్రాలు తయారుచేసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
విదేశాల్లో మరణించినవారి కుటుంబాలకు తోడుండే స్వచ్ఛంద కార్యకర్తలు,
హైదరాబాద్